పాత మార్లిన్ 39ఏ లెవర్ రైఫిల్ చేతికొస్తే వరుసగా ఏం చేయాలి

మార్లిన్ 39ఏ అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే లెవర్‌ని లాగి తూటా మార్చే అమెరికన్ .22 రైఫిల్. పాతది కొన్నవాళ్లలో చాలామంది మొదటి వారంలోనే స్ప్రింగుల కిట్టు, కొత్త ట్రిగ్గరు, స్కోపు ఆర్డర్ పెట్టేస్తారు. ఆ డబ్బు కొన్నాళ్లు జేబులోనే ఉంచుకోండి. ఈ రైఫిల్‌ని కనెక్టికట్ రాష్ట్రంలోని నార్త్ హేవెన్‌లో, అంతకుముందు న్యూ హేవెన్‌లో, గట్టి ఉక్కుతో శ్రద్ధగా చేశారు. అది సరిగ్గా పనిచేయడం లేదంటే పదింట ఎనిమిదిసార్లు కారణం మురికో, వదులైన స్క్రూనో, దానికి నచ్చని తూటానో అయి ఉంటుంది. అందుకే ఈ గైడ్‌లో పార్టులు మార్చడం గురించి తక్కువగా, ఉన్నవాటిని సరిగ్గా పనిచేయించడం గురించి ఎక్కువగా రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి

అమెరికాలో ఉన్న మనవాళ్లు ఇది చదవకుండా కిందికి దిగొద్దు. హెచ్1బి, ఎల్1, ఎఫ్1, హెచ్4 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. షూటింగ్ రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా అది దగ్గర పెట్టుకున్నట్టే లెక్క, స్నేహితుడిది ఒక్కసారి పట్టుకుని చూస్తాను అన్నా అంతే. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి ఫెడరల్ చట్టంలో ఈ అడ్డంకి లేదు కానీ రాష్ట్రాల రూల్స్ వేరు వేరుగా ఉంటాయి, అవి కూడా చూసుకోండి. ఇమ్మిగ్రేషన్ ఫైలు నడుస్తున్నవాళ్లు ఈ విషయంలో లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు.

మీ చేతిలో ఉన్నది ఏ కాలానిది?

ఈ కుటుంబం 1891 మోడల్‌తో మొదలైంది. ప్రసిద్ధ షూటర్ ఆనీ ఓక్లీ తన ప్రదర్శనల్లో వాడిన .22 రైఫిల్స్‌లో అదొకటి. తర్వాత 1892, 1897 మోడల్స్ వచ్చాయి, 1920ల మొదట్లో మోడల్ 39, 1939లో 39ఏ. బంగారు రంగు ట్రిగ్గర్ ఉన్న గోల్డెన్ 39ఏ 1950ల మధ్య నుంచి కనిపిస్తుంది. బారెల్ లోపల తక్కువ లోతుతో 16 గాడులుండే మైక్రోగ్రూవ్ కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. 39ఏ బారెల్ 24 అంగుళాలు, మౌంటీ అనే పొట్టి రకానిది 20 అంగుళాలు. 1973 నుంచి వచ్చినవాటిలో సీరియల్ నంబర్ మొదటి రెండు అంకెల్ని 100 లోంచి తీసేస్తే తయారైన సంవత్సరం తెలుస్తుంది, అంటే 25తో మొదలైతే 1975 అన్నమాట.

ఈ వివరాలు సరదాకి చెప్పడం లేదు, రెండు చోట్ల ఇవి మన భద్రతకి సంబంధించినవి. మొదటిది, 39ఏ కంటే ముందు వచ్చిన మోడల్ 39లో తొలి రోజులవాటి బోల్టు (తూటాని వెనక నుంచి మూసి ఉంచే ఉక్కు ముక్క) హై వెలాసిటీ, అంటే ఎక్కువ వేగం తూటాలకి సరిపోదు. సీరియల్ ముందు హెచ్ఎస్ అనే అక్షరాలు లేకపోతే అలాంటి తూటాలు అసలు పెట్టొద్దు. రెండోది, 1988లో వచ్చిన 39ఏఎస్‌కి అడ్డంగా నొక్కే సేఫ్టీ బటన్ ఉంటుంది, పాతవాటికి అది లేదు. వాటికి హ్యామర్, అంటే వెనక నుంచి కొట్టి తూటాని పేల్చే ముక్కని, సగం వెనక్కి లాగి నిలిపే హాఫ్ కాక్ గాడి ఒక్కటే రక్ష. ఆ గాడి అరిగిందా లేదా అన్నది నిపుణుడికి ఒకసారి చూపించడం మంచిది.

2007 చివర్లో రెమింగ్టన్ అనే తుపాకుల కంపెనీ మార్లిన్‌ని కొంటున్నట్టు ప్రకటించింది, 2011లో నార్త్ హేవెన్ ఫ్యాక్టరీ మూతపడింది, 2020లో ఆ పేరు రూగర్ అనే ఇంకో తుపాకుల కంపెనీ చేతికి వెళ్లింది. పాతవాటికి గిరాకీ పెరగడానికి ఇదో కారణం, పార్టుల్ని జాగ్రత్తగా చూసుకోవడానికి కూడా.

ఖాళీ చేయడం, రెండుగా విడదీయడం

తూటాలు నింపే మ్యాగజైన్ గొట్టంలా ఉన్న తుపాకీలో ఖాళీ అనుకున్నది ఖాళీ కాకపోవచ్చు. బారెల్ మూతి సురక్షితమైన వైపు పెట్టి, మ్యాగజైన్ లోపలి ఇత్తడి గొట్టాన్ని పూర్తిగా బయటికి తీయండి. ముందువైపు వంచి, మిగిలిన తూటాలు జారిపోయాక లెవర్‌ని పూర్తిగా నాలుగైదుసార్లు నడపండి. తర్వాత వెలుతురులో, తూటా కూర్చునే చాంబర్ లోపల, తూటాని పైకి లేపే క్యారియర్ మీద కళ్లతో చూసి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. ఒక్కో తూటా జిడ్డుకి మ్యాగజైన్ గొట్టంలో అతుక్కుని ఉండిపోయి, తర్వాత ఎప్పుడో జారి వస్తుంది. తుడిచే బల్ల మీద తూటాలు ఉండనే ఉండకూడదు, వేరే గదిలో పెట్టండి.

ఇప్పుడు లెవర్ మూసి, హ్యామర్‌ని పూర్తిగా వెనక్కి లాగండి. కుడి పక్కన పెద్ద స్క్రూ కనిపిస్తుంది, దానికి నాణెం పట్టేంత వెడల్పు గాడి ఉంటుంది. నాణెంతోనే విప్పండి, స్క్రూడ్రైవర్‌తో గాడి చెడగొట్టొద్దు. మరలు పూర్తిగా వదిలాక ఒక చేత్తో స్టాక్ (భుజానికి ఆనించే వెనక చెక్క) దగ్గర, ఇంకో చేత్తో బారెల్ వైపు పట్టుకుని మెల్లగా కదిపితే రెండు భాగాలు పక్కకి విడిపోతాయి. రాకపోతే అరచేత్తో ఒక చిన్న దెబ్బ చాలు. సుత్తి అవసరం వచ్చిందంటే ఎక్కడో ఏదో పట్టేసింది అని అర్థం, ఆగి మళ్లీ చూడండి. విడిపోయాక బోల్టు వెనక్కి జారి చేతికి వస్తుంది. ఈ స్థితిలో ట్రిగ్గర్ నొక్కొద్దు, హ్యామర్ ఉక్కుకి ఉక్కు కొట్టుకుంటుంది.

చాలా లెవర్ రైఫిల్స్‌కి లేని సౌకర్యం ఇది. బారెల్‌ని మూతి వైపు నుంచి కాకుండా చాంబర్ వైపు నుంచి తుడవొచ్చు. మూతి దగ్గర అంచు దెబ్బతింటే గురి పోతుంది కాబట్టి ఈ ఒక్క సౌకర్యం కోసమే 39ఏని ఇష్టపడేవాళ్లున్నారు, నేనూ వాళ్లలో ఒకణ్ని.

శుభ్రం చేయడం, అసలు ట్యూనింగ్ ఇక్కడే

దశాబ్దాలుగా విప్పని రైఫిల్ అయితే లోపల పాత నూనె, మైనం, కాలిన పొడి కలిసి ఆవకాయ జాడీ అంచున ఎండిన జిడ్డులా పేరుకుని ఉంటుంది. లెవర్ బరువుగా నడుస్తోందని, స్ప్రింగు బలహీనపడిందని అనుకునేవన్నీ చాలాసార్లు దీని వల్లే. సాల్వెంట్‌లో (మురికి కరిగించే ద్రవం) తడిపిన నైలాన్ బ్రష్‌తో బోల్టు ముఖం, కాల్చిన కేసుని చాంబర్‌లోంచి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద, క్యారియర్ పక్కలు, లెవర్ నడిచే దారి అన్నీ రుద్దండి. ఎక్స్‌ట్రాక్టర్ కింద పేరుకున్న మురికిని టూత్‌పిక్‌తో గీకితే వచ్చేస్తుంది, పిన్నులు సూదులు వాడొద్దు.

బారెల్ ఉన్న సగంలో, ఎడమ లోపలి గోడకి ఎజెక్టర్ ఉంటుంది. ఖాళీ కేసుని, అంటే కాల్చాక మిగిలే తూటా తొడుగుని, బయటికి తన్నేది అదే. బారెల్ తుడిచే రాడ్ లోపలికి తోసేటప్పుడు అది తగిలి వంగొచ్చు, విరగొచ్చు. చాలావాటిలో దాన్ని లోపలికి నొక్కి తిప్పి కదలకుండా పెట్టే చిన్న లాక్ ఉంది. తుడవడానికి ముందు లాక్ వేయండి, అయిపోయాక తప్పకుండా తీయండి. తీయడం మర్చిపోతే రేంజ్‌లో ఒక్క కేసూ బయటికి రాదు.

.22 సీసం గుళ్లకి బయట మైనం లాంటి పూత ఉంటుంది, అది బారెల్ లోపల పల్చగా పరుచుకున్నాకే గురి కుదురుతుంది. అందుకని బారెల్‌ని ప్రతిసారీ మెరిసేదాకా రుద్దే అలవాటు మానేయండి. మొదటిసారి మాత్రం పూర్తిగా శుభ్రం చేసి, ఆ తర్వాత గురి చెదురుతోంది అనిపించినప్పుడు తడి గుడ్డ రెండు సార్లు, పొడి గుడ్డ రెండు సార్లు తోస్తే చాలు. పూత ఉన్న ఒకే ముక్క రాడ్ వాడండి, మూడు ముక్కలు బిగించుకునే అల్యూమినియం రాడ్ అతుకుల దగ్గర గీతలు పెడుతుంది.

బారెల్ కంటే చాంబర్ ముఖ్యం. 39ఏలో షార్ట్, లాంగ్, లాంగ్ రైఫిల్ అనే మూడు పొడవుల .22 తూటాలూ నడుస్తాయి. మ్యాగజైన్‌లో షార్ట్ 26, లాంగ్ 21, లాంగ్ రైఫిల్ 19 పడతాయి. షార్ట్ కేసు పొడవు 0.421 అంగుళం, లాంగ్ రైఫిల్ కేసు 0.613 అంగుళం. పాత యజమాని షార్ట్ తూటాలు తెగ కాల్చి ఉంటే ఆ కేసు ఆగిన చోటికి ముందు నల్లటి గట్టి వలయం కడుతుంది. తర్వాత లాంగ్ రైఫిల్ తూటా పెడితే చివర్లో బిగుసుకుంటుంది, కాల్చిన కేసు బయటికి రానని మొరాయిస్తుంది. ఎక్స్‌ట్రాక్టర్ పోయిందని పార్టు కొనేముందు చాంబర్ బ్రష్‌ని సాల్వెంట్‌లో ముంచి, పదిహేను నిమిషాలు నాననిచ్చి, తిప్పుతూ రుద్దండి. ఒక్కసారికి పోకపోతే మళ్లీ చేయండి.

నూనె విషయంలో చాలామంది ఎక్కువ చేస్తారు. లెవర్ ఇరుసు దగ్గర ఒక చుక్క, బోల్టు జారే చోట పల్చని పొర, బోల్టు హ్యామర్‌ని వెనక్కి తోసే చోట గ్రీజు ఆవగింజంత, అంతే. తూటా అంచుని కొట్టే ఫైరింగ్ పిన్ గాడిలో నూనె పోయకండి. చలికాలంలో చిక్కబడి పిన్ దెబ్బ బలం తగ్గిస్తుంది. ఎక్కువ నూనె వెనక్కి కారి స్టాక్ మెడ దగ్గర చెక్కలోకి ఇంకుతుంది, అక్కడ చెక్క నల్లబడి మెత్తబడుతుంది. వాల్‌నట్ చెక్క కదా, ఒకసారి మెత్తబడితే పగుళ్లు అక్కడే మొదలవుతాయి. తుడిచాక ఒక రాత్రి మూతి కిందికి పెట్టి నిలబెడితే మిగిలిన నూనె ముందుకే కారుతుంది.

స్క్రూలు

మామూలు స్క్రూడ్రైవర్ మొన పక్కలు ఏటవాలుగా ఉంటాయి, గాడిలోంచి జారి అంచులు చీలుస్తుంది. తుపాకీ స్క్రూల కోసమే చేసే సమాంతర అంచుల బిట్లు కొనండి, ఈ మొత్తం పనిలో నేను తప్పకుండా డబ్బు పెట్టమనేది దీని మీదే.

రైఫిల్‌ని విడదీయడానికి విప్పిన ఆ పెద్ద స్క్రూని, అంటే టేక్‌డౌన్ స్క్రూని, నాణెంతో గట్టిగా బిగించండి. కాలుస్తున్నప్పుడు అది మెల్లగా వదులవుతుంది, అప్పుడు రెండు భాగాల మధ్య సందు ఏర్పడి గురి మారడమే కాదు, దెబ్బ కూడా సరిగా పడదు. ప్రతి యాభై తూటాలకి ఒకసారి వేళ్లతో తడిమి చూసుకోండి. స్టాక్‌ని రైఫిల్‌కి పట్టి ఉంచే టాంగ్ స్క్రూ కూడా వదులు కాకూడదు. బారెల్ కింద ఉండే ముందు చెక్క, మ్యాగజైన్ గొట్టం దగ్గర మాత్రం లెక్క వేరు, అవి గట్టిగా ఉండాలి కానీ బారెల్‌ని పక్కకి లాగకూడదు. ముందు చెక్క కొసన ఉండే టోపీ స్క్రూలు కొద్దిగా వదులు చేసి, చెక్క దానంతట అది కుదురుకున్నాక మళ్లీ రెండు వైపులా సమానంగా, మార్చి మార్చి బిగించండి. బారెల్ వేడెక్కేకొద్దీ గుళ్లు ఒకే దిక్కుకి జరుగుతూ పోతుంటే అనుమానించాల్సింది ఈ చోటునే.

ట్రిగ్గర్ జోలికి వెళ్లాలా?

నా సమాధానం: ఆకురాయి పట్టుకుని అయితే వెళ్లొద్దు. హ్యామర్ గాడి, ట్రిగ్గర్ కొస కలిసే చోటు ఉపరితలం మాత్రమే గట్టిపడిన ఉక్కు. దాన్ని ఇంట్లో రుద్దితే కోణం మారుతుంది, ఆ పొర పోతుంది, కొన్నాళ్లకి లెవర్ మూయగానే తుపాకీ పేలే ప్రమాదం వస్తుంది. హాఫ్ కాక్ గాడి కూడా అక్కడే ఉంది. శుభ్రం చేసి, ఆ కొసకి మంచి గ్రీజు ఒక్క చుక్క పెట్టి, హ్యామర్ పక్కలు గోడకి రాసుకుంటున్నాయేమో చూసి, రెండు మూడు వందల తూటాలు కాల్చాక కూడా బరువుగానే ఉంటే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లండి.

హ్యామర్‌ని ముందుకి తోసే మెయిన్‌స్ప్రింగ్‌ని తేలికది పెట్టడం గురించి కూడా ఒక మాట. .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాల్లో నిప్పు అంటించే మందు కేసు అంచు లోపల ఉంటుంది, ఆ రాగి లేదా ఇత్తడి అంచుని పిన్ గట్టిగా నలిపితేనే అంటుకుంటుంది. స్ప్రింగు తేలిక చేస్తే ట్రిగ్గర్ హాయిగా ఉంటుంది, తూటాలు మాత్రం పేలకుండా మిగులుతాయి. నాకు ఆ బేరం నచ్చదు.

ఖాళీ తుపాకీతో ట్రిగ్గర్ సాధన చేయాలనుకుంటే పిన్ నేరుగా చాంబర్ అంచుని కొట్టకుండా ఏదో ఒకటి అడ్డం ఉండాలి. గోడకి స్క్రూలు బిగించేటప్పుడు వాడే పసుపు రంగు ప్లాస్టిక్ యాంకర్లు, 4-6 సైజువి, చాంబర్‌లో సరిగ్గా పడతాయి. ప్రతిసారీ కొద్దిగా తిప్పుతూ వాడి, నలిగాక పారేయండి.

తూటాలు ఎంచుకోవడం

ఇక్కడ ఓపిక పట్టినవాళ్లకి ఫలితం బాగా కనిపిస్తుంది. ఒకే ఫ్యాక్టరీలో ఒకే ఏడు చేసిన రెండు 39ఏలు కూడా ఒకే తూటాని ఇష్టపడవు. స్టాండర్డ్ వెలాసిటీతో మొదలుపెట్టండి, సీసీఐ వాళ్లది 40 గ్రెయిన్ల బరువున్న గుండు సెకనుకు 1,070 అడుగుల వేగంతో వెళ్తుంది, అంటే ధ్వని వేగానికి కొంచెం తక్కువ. దాని పక్కన అదే కంపెనీ మినీ మ్యాగ్, 1,235 అడుగులు, పెట్టి చూడండి. ఇంకో రెండు రకాలు, అందులో ఒకటి ఎలీ లేదా ఎస్‌కే లాంటి, పోటీల్లో వాడే మ్యాచ్ రకం, చాలు.

పరీక్ష ఇలా చేయండి. గాలి లేని ఉదయం పూట, 25 గజాలతో మొదలుపెట్టి తర్వాత 50 గజాలు. ముందు చెక్కని రిసీవర్‌కి (బోల్టు, హ్యామర్ ఉండే మధ్య భాగం) దగ్గరగా ఇసుక సంచి మీద ఆనించండి. బారెల్ గానీ మ్యాగజైన్ గొట్టం గానీ సంచికి తగలకూడదు, ప్రతిసారీ అదే చోట ఆనాలి. లెవర్ కిందికి దిగడానికి చోటు ఉండేలా సంచుల్ని ఎత్తుగా పేర్చుకోండి, లేకపోతే ప్రతి గుండుకీ రైఫిల్ ఎత్తి మళ్లీ పెట్టాల్సి వస్తుంది. తూటా రకం మార్చినప్పుడల్లా మొదటి పది లెక్కలోకి తీసుకోవద్దు, కొత్త మైనం పూత కుదురుకోవాలి. తర్వాత ఐదేసి చొప్పున కనీసం నాలుగు గుంపులు కాల్చి, వాటి సగటు చూడండి. ఒక్క అందమైన గుంపుని ఫొటో తీసుకుని అదే నా రైఫిల్ సత్తా అనుకోవద్దు. మ్యాగజైన్‌లో కూడా ప్రతిసారీ ఐదే నింపండి, గొట్టం బారెల్‌కి వేలాడుతుంది కాబట్టి లోపలి బరువు మారితే కొన్ని రైఫిల్స్‌లో గుండు పడే చోటు మారుతుంది.

స్కోపుతో, బల్ల మీద ఆనించి, 50 గజాల దగ్గర గుంపు వెడల్పు అంగుళం నుంచి అంగుళంన్నర లోపు వస్తుంటే ఆ రైఫిల్ ఆరోగ్యంగా ఉన్నట్టే. నచ్చిన రకం దొరికాక పెట్టె మీద లాట్ నంబర్ చూసి అదే లాట్‌లో ఎక్కువ కొనిపెట్టుకోండి.

తూటా పేలకపోతే బారెల్ టార్గెట్ వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. తర్వాత తీసి అంచు మీద పిన్ గుర్తు చూడండి. గుర్తు లోతుగా ఉంటే తప్పు తూటాది, పైపైన ఉంటే ముందు టేక్‌డౌన్ స్క్రూ, తర్వాత పిన్ గాడిలో జిడ్డు, చివరికి స్ప్రింగు, ఈ వరుసలో వెతకండి. శబ్దం మామూలు కంటే మెత్తగా వస్తే మాత్రం ఇంకో తూటా పెట్టకండి, గుండు బారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. ఖాళీ చేసి, విడదీసి, వెలుతురు ఎదురుగా పెట్టి చూడాలి.

సైట్లు

స్కోపు లేకుండా, బారెల్ మీద గురి చూసే ఇనుప సైట్లతో నేర్చుకోండి అనేది నా అభిప్రాయం, ఈ రైఫిల్ అందం అక్కడే ఉంది. వెనక సైటుని ఎటు జరిపితే గుండు అటు వెళ్తుంది, ముందు సైటుకి దానికి రివర్స్. ఎంత జరపాలి అన్నదానికి లెక్క సులువు: ఎన్ని అంగుళాలు తప్పిందో దాన్ని రెండు సైట్ల మధ్య దూరంతో గుణించి, టార్గెట్ దూరంతో భాగించాలి. సైట్ల మధ్య 20 అంగుళాలు అనుకుందాం, 50 గజాలంటే 1,800 అంగుళాలు. గుండు 2 అంగుళాలు కింద పడితే వెనక సైటు 0.022 అంగుళం పైకి లేవాలి, అంటే వెంట్రుకవాసి పనే. పక్కకి జరిపేటప్పుడు ఇత్తడి పంచ్ వాడండి, జరిపేముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి.

నలభై దాటి చత్వారం వచ్చినవాళ్లకి వెనక సైటు గాడి మసకగా కనిపిస్తుంది. అప్పుడు రిసీవర్ మీద బిగించే చిన్న రంధ్రం ఉన్న పీప్ సైటు పెట్టుకోండి, విలియమ్స్, లైమన్, స్కిన్నర్ కంపెనీలు చేస్తాయి. రంధ్రంలోంచి చూస్తూ ముందు సైటు మీదే దృష్టి పెడితే చాలు, కన్ను దానంతట అదే మధ్యకి వస్తుంది. స్కోపు కావాలంటే చిన్నది, తేలికది తీసుకోండి, హ్యామర్‌ని లాగడానికి పక్కకి పొడుచుకు వచ్చే అదనపు ముక్క కూడా కావాలి. మరీ పాతవాటికి పైన స్క్రూ రంధ్రాలు ఉండవు, అలాంటి రైఫిల్‌కి కొత్తగా రంధ్రాలు వేయించి పాడుచేయకండి.

స్టాండర్డ్ వెలాసిటీ తూటాకి 50 గజాల దగ్గర సరిచేసుకుంటే 100 గజాల దగ్గర గుండు ఇంచుమించు 6, 7 అంగుళాలు కిందికి దిగుతుంది.

కాల్చడంలో ఆనందం

లెవర్‌ని సున్నితంగా నడపాలని సగం సగం లాగుతుంటారు కొత్తవాళ్లు, తూటా అడ్డం పడేది అందుకే. ముందుకి చివరిదాకా, వెనక్కి చివరిదాకా, ఒకే ఊపులో లాగండి. ఈ లయ చేతికి అలవాటైతే చూపు టార్గెట్ మీద నుంచి కదలకుండానే తర్వాతి తూటా సిద్ధంగా ఉంటుంది. నింపేటప్పుడు చేయి మూతికి అడ్డం రాకుండా, పక్క నుంచి ఇత్తడి గొట్టాన్ని లాగాలి, తూటాలు వెనక భాగం ముందు పడేలా జారవిడవాలి.

ఎంత దగ్గర కాల్చినా వెనక మట్టి దిబ్బ ఉండాలి. .22 కదా అని తేలిగ్గా తీసుకోకండి, లాంగ్ రైఫిల్ గుండు మైలు పైనే వెళ్తుంది, నీళ్లని గానీ రాయిని గానీ ఏటవాలుగా తాకితే ఎగిరి ఎటైనా పోతుంది. కళ్లద్దాలు, చెవులకి రక్షణ ప్రతిసారీ పెట్టుకోండి.

డబ్బాలు కొట్టడం విసుగొస్తే దగ్గర్లో సిలౌట్ పోటీలు జరుగుతాయేమో కనుక్కోండి. కోడి, పంది, టర్కీ కోడి, పొట్టేలు ఆకారంలో ఇనుప బొమ్మలు నాలుగు దూరాల్లో నిలబెడతారు, నిలబడి చేతులతోనే పట్టుకుని కొట్టాలి, పడితేనే పాయింటు. లెవర్ రైఫిల్స్‌కి అందులో వేరే విభాగం ఉంది. బల్ల మీద అంగుళం గుంపు కొట్టే రైఫిల్‌తో నిలబడి పొట్టేలుని పడేయడం ఎంత కష్టమో, పడ్డప్పుడు వచ్చే ఆ టంగుమనే శబ్దం ఎంత బాగుంటుందో ఒకసారి వెళ్తే తెలుస్తుంది.

ఇంటికి వచ్చాక

ముందు చేతులు, ముఖం సబ్బుతో చల్లటి నీళ్లతో కడుక్కోండి, సీసం పొడి అంటుకుని ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకునేముందు చొక్కా మార్చుకోండి. రైఫిల్ ఉక్కు మీద చెమట చేతుల గుర్తులు తుడిచి నూనె గుడ్డతో ఒకసారి రాయండి, లేకపోతే వేళ్ల ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ఫోమ్ ఉన్న పెట్టెలో నెలల తరబడి ఉంచకండి, అది తేమని పట్టి ఉంచుతుంది. తాళం ఉన్న సేఫ్‌లో రైఫిల్, ఇంకో చోట తాళంలో తూటాలు ఉండాలి.

ఇండియా వెళ్లేవాళ్లకి ఇంకో విషయం. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగుని ప్రయాణాలకి అస్సలు వాడొద్దు. మూల జేబులో మర్చిపోయిన ఒక్క .22 తూటా శంషాబాద్‌లో స్కానర్‌కి చిక్కినా ఆయుధాల చట్టం కింద కేసు పెట్టే అవకాశం ఉంది. ఆ బ్యాగుకి రంగు టేపు చుట్టి గ్యారేజీలోనే ఉంచేయండి, సూట్‌కేసులు సర్దేటప్పుడు ఇంట్లో ఎవరూ పొరపాటున తీయకుండా ఉంటారు.